ఓవెన్స్ లోయలో కొండ, పగులు, ఊరు: 18 చిత్రాల కేస్ స్టడీ

కాలిఫోర్నియా తూర్పు అంచున, సియెర్రా నెవాడా పర్వతాలకూ వైట్, ఇన్యో కొండల వరుసకూ నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగే ఓవెన్స్ లోయను చిత్రించే పనిని ఒక కళాశాల భూగర్భశాస్త్ర విభాగం నాకు అప్పగించింది. తమ వసారా గోడ మీదికి 18 చిత్రాలు కావాలన్నారు, రెండు షరతులు పెట్టారు. ప్రతి చిత్రంలోనూ విద్యార్థి వేలు పెట్టి చూపించగల భూగర్భ విషయం ఒక్కటైనా ఉండాలి. ఈ ఎడారిలో మనుషులు బతుకుతున్నారన్న సంగతి గోడ చూసిన ఎవరికైనా తెలియాలి. మొదటి షరతు తేలికనీ, రెండోది కష్టమనీ అనుకుని పని మొదలుపెట్టాను. నాలుగు ప్రయాణాలు అయ్యేసరికి ఆ రెండూ వేర్వేరు షరతులు కావనీ, ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని నెరవేర్చడం ఈ లోయలో కుదరదనీ అర్థమైంది. అది ఎలా అర్థమైందో, దాని వల్ల కెమెరాను ఎక్కడ నిలబెట్టాలన్న నిర్ణయాలు ఎలా మారాయో ఈ వ్యాసంలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా స్థలం గురించి. లోయకు రెండు వైపులా కొండలు పైకి లేస్తుండగా నడుమనున్న నేల దిగబడిపోయింది. లోన్ పైన్ అనే ఊరు సముద్రమట్టానికి సుమారు 3,700 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి పడమటికి నేరుగా 13 మైళ్ళ దూరంలో 14,505 అడుగుల విట్నీ శిఖరం ఉంది. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. పసిఫిక్ నుంచి వచ్చే మబ్బులు తమ నీళ్ళను సియెర్రా పడమటి వాలు మీదనే దించేసి, ఇటువైపుకు ఖాళీగా వస్తాయి. లోయ అడుగున ఏడాదికి 5 అంగుళాల చుట్టూ మాత్రమే వాన పడుతుంది. నేను అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి. కరువు జిల్లా అని పేరుపడ్డ మా ప్రాంతంలో సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇక్కడ కురిసేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. అయినా ఈ లోయను ఇక్కడి ఆదివాసులైన పాయూట్ ప్రజలు తమ భాషలో పారే నీళ్ళ నేల అన్నారు, తెల్లవాళ్ళు రాకముందే కాలువలు తవ్వి పొలాలు తడుపుకున్నారు. వాన లేని చోట నీళ్ళు పారడానికి కారణం కొండ మీద కరిగే మంచు. ఆ నీళ్ళలో కొన్ని నేలలోకి ఇంకి, పగుళ్ళు (భూకంపాలప్పుడు నేల జరిగే చీలికలు) అడ్డుపడిన చోట మళ్ళీ పైకి ఊరుతాయి. ఊళ్ళు వాగుల ఒడ్డునా, ఆ ఊటల పక్కనా వెలిశాయి.

మొదటి ప్రయాణం: అందంగా వచ్చి పనికిరాని చిత్రాలు

నవంబరులో నాలుగు రోజులు ఉన్నాను. రోజూ తెల్లవారుజామున లేచి, 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్ బిగించి, కరెంటు తీగ గానీ ఇంటి కప్పు గానీ ఫ్రేములో పడకుండా జాగ్రత్తపడుతూ, గులాబీ రంగు తిరిగిన శిఖరాలను తీశాను. తెచ్చి చూపిస్తే, విభాగంలో నాతో పని చూసుకుంటున్న ఆచార్యురాలు మూడు ప్రశ్నలు వేశారు. ఈ చిత్రాల్లో పగులు ఎక్కడుంది? ఈ కొండ ఎంత ఎత్తో తెలియడానికి ఆధారం ఏది? మీరు విట్నీ అని పేరు రాసిన శిఖరం నిజంగా విట్నీయేనా?

మూడో ప్రశ్న నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఊరి నుంచి పడమటికి చూస్తే అన్నిటికన్నా భారీగా కనిపించేది సుమారు 13 వేల అడుగుల లోన్ పైన్ శిఖరం. అది ముందు వరుసలో ఉంటుంది. విట్నీ దానికి కుడివైపున, వెనక వరుసలో, సూదుల్లాంటి కొనల పక్కన, చిన్నదిగా కనబడుతుంది. వైడ్ లెన్స్ దూరపు వాటిని బాగా చిన్నవిగా చూపిస్తుంది కాబట్టి, నా చిత్రాల్లో అసలు శిఖరం కనిపించకుండా పోయింది. నేను తీసినది తప్పు కొండను, రాసినది తప్పు పేరును. ఆ చిత్రాలన్నీ పక్కన పెట్టేశాం.

ఆ లోపాన్ని సరిదిద్దుకోవడానికి లోయకు తూర్పు వైపు వెళ్ళాను. కీలర్ అనే ఊరి నుంచి ఇన్యో కొండల మీది సెర్రో గోర్డో పాత వెండి గనులకు నిటారుగా ఎక్కే మట్టిరోడ్డు ఉంది. దాని మీద కొంత ఎత్తుకు వెళ్ళి, దూరాన్ని దగ్గరగా చూపే 100–400 మిల్లీమీటర్ల టెలీ లెన్స్‌తో పడమటికి చూస్తే వరుసలన్నీ తమ నిజమైన నిష్పత్తికి దగ్గరగా వస్తాయి: అడుగున ఎండిపోయిన ఓవెన్స్ సరస్సు తెల్లని నేల, ఆపైన వాగులు కొండ నుంచి తోసుకొచ్చి విసనకర్రలా పరిచిన ఒండ్రు, దాని మీద ఒక్కసారిగా లేచిన సియెర్రా గోడ, గోడకు పైన విట్నీ. అయితే ఇంత దూరం నుంచి తీసేటప్పుడు గాలిలో వేడి అలలు రాతి అంచులను కరిగించేస్తాయి. ఎండాకాలంలో ఉదయం తొమ్మిది దాటితే టెలీ లెన్స్ పెట్టెలోనే ఉండటం మేలు. ఫిబ్రవరిలో, రాత్రి మంచు పడి తేరుకున్న ఉదయాన తీసిన ఒక్క ఫ్రేము, నవంబరులో తీసిన వందల ఫ్రేములు చెప్పలేనిది చెప్పింది.

పగులు గట్టు

1872 మార్చి 26 తెల్లవారుజామున సుమారు రెండున్నరకు ఈ లోయలో పెద్ద భూకంపం వచ్చింది. లోన్ పైన్‌లో ఉన్న 59 ఇళ్ళలో 52 కూలిపోయాయి, 27 మంది చనిపోయారు. ఎక్కువ ఇళ్ళు పచ్చి ఇటుకలతోనూ, రాళ్ళతోనూ కట్టినవి కావడమే అంత నష్టానికి కారణం. ఊరికి ఉత్తరాన, 395వ నంబరు రహదారి పక్కన, పగులు లేపిన గట్టు మీదనే చనిపోయినవారిలో కొందరిని కలిపి పూడ్చిపెట్టిన సమాధి ఉంది. ఊరికి దక్షిణాన ఉన్న డియాజ్ చెరువు కూడా ఆ రాత్రి నేల కుంగి, నీళ్ళు చేరి ఏర్పడినదే.

ఊరి పడమటి వైపు, విట్నీ పోర్టల్ రోడ్డుకు దగ్గరగా, ఆ పగులు గట్టు సుమారు 20 అడుగుల ఎత్తున నిలిచి ఉంది. ఒక్క 1872 భూకంపం దాన్ని అంత ఎత్తుకు లేపలేదు; అంతకుముందు వేల ఏళ్ళలో వచ్చిన భూకంపాలు కూడా అదే గీత మీద నేలను ఎత్తాయి. నవంబరులో ఆ గట్టు పక్కనుంచి రెండుసార్లు కారు నడిపాను, అది ఉన్నట్టే గుర్తించలేదు. అందుకు కారణం వెలుగు. గట్టు ముఖం తూర్పుకు ఉంటుంది. పొద్దున ఎండ దాని మీద ఎదురుగా పడి, గట్టు ఏదో, చదును ఏదో తెలియనివ్వదు. అందరూ ఫొటోలు తీసే వేళలో గట్టు మాయమైపోతుంది.

రెండో ప్రయాణంలో, ఫిబ్రవరి నడిమిన, ఒక మధ్యాహ్నం మొత్తం ఆ గట్టు దగ్గరే కూర్చుని గడియారం చూసుకుంటూ నీడలను రాసుకున్నాను. మూడింటి వరకు చెప్పుకోదగ్గది ఏమీ లేదు. మూడు దాటాక సూర్యుడు గట్టు వాలుకన్నా కిందికి దిగడంతో దాని ముఖం నెమ్మదిగా నల్లబడింది. పైనున్న చదునూ, కింద ఉన్న చదునూ మాత్రం ఎండలోనే ఉన్నాయి. మూడున్నరకల్లా ఉత్తరానికి సాగే నల్లని పట్టీ ఒకటి నేల మీద స్పష్టంగా కనబడింది. సేజ్ పొదల కొసలు మాత్రం వెలుగుతున్నాయి. నాలుగుంబావు ప్రాంతంలో సూర్యుడు సియెర్రా వెనక్కి దిగి లోయంతా ఒకేసారి నీడలోకి జారింది, పట్టీ చెరిగిపోయింది. పడమట అంత ఎత్తు గోడ ఉండటం వల్ల, క్యాలెండరు చెప్పే సూర్యాస్తమయానికి గంటకు పైగా ముందే ఇక్కడ పొద్దుగుంకుతుంది. పగులును చూడటానికి దొరికే సమయం రోజుకు ముప్పావు గంట.

మరుసటి రోజు అదే వేళకు గట్టుకు దక్షిణ కొసన, కాస్త ఎత్తైన చోట, ఉత్తర–ఈశాన్యానికి తిరిగి నిలబడ్డాను. ఎండ ఎడమ భుజం వెనక నుంచి వస్తోంది. 70 మిల్లీమీటర్ల లెన్స్, అపెర్చర్ (వెలుగును లోపలికి వదిలే లెన్స్ కన్ను) 11, ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా దించి నేలకు దగ్గరగా పెట్టాను, ఎందుకంటే ఆ వేళకు గాలి లేస్తుంది. ఫ్రేముకు ఎడమవైపు నల్లని గట్టు, కుడివైపు దూరంలో ఆకులు రాలిన కాటన్‌వుడ్ చెట్ల వరుస, వాటి నడుమ ఊరి కప్పులు వచ్చాయి. నవంబరులో నేను తప్పించుకుని తిరిగిన కప్పులే ఈ చిత్రానికి కొలబద్ద అయ్యాయి. ఇల్లు ఎంత ఎత్తు ఉంటుందో చూసేవాళ్ళకు తెలుసు కనుక, గట్టు ఎంత ఎత్తో వాళ్ళే పోల్చుకోగలరు. 18లో మొదటి చిత్రంగా దీన్నే పెట్టాం.

ఈ చిత్రం చెప్పలేని విషయం ఒకటి ఉంది, దాన్ని దాచకూడదు. 1872లో ఈ పగులు వెంట నేల పైకి లేచింది తక్కువ, పక్కకు జరిగింది ఎక్కువ. పగులుకు ఆవలి నేల కుడివైపుకు సుమారు 6 మీటర్లు జరిగితే, నిలువునా లేచినది సగటున మీటరు మాత్రమే. కంటికి కనిపించే గట్టే భూకంపం చేసిన పని మొత్తం అని చూసేవాళ్ళు అనుకుంటే అది నా చిత్రం చేసిన పొరపాటు అవుతుంది. అందుకని ఈ ఒక్క చిత్రం కింద వివరణను మిగతావాటికన్నా పొడవుగా రాశాను.

అలబామా గుట్టలు

లోన్ పైన్‌కు పడమట, ఊరికీ సియెర్రాకూ మధ్య, గుండ్ల గుట్టలు కొన్ని మైళ్ళ మేర పరుచుకుని ఉంటాయి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో దక్షిణాది పక్షం వహించిన గని కార్మికులు తమవారి యుద్ధనౌక అలబామా పేరును ఈ గుట్టలకు పెట్టారు. 1864లో ఆ నౌకను ముంచిన ఉత్తరాది నౌక కీర్‌సార్జ్ పేరును, ఇండిపెండెన్స్ ఊరికి ఎగువనున్న కనుమకూ శిఖరానికీ ప్రత్యర్థులు పెట్టుకున్నారు. 1920ల నుంచీ సినిమా వాళ్ళు ఇక్కడికి వస్తున్నారు. 1939లో ఒక హాలీవుడ్ చిత్రం కోసం ఈ గుట్టలే మన వాయవ్య సరిహద్దు కొండలుగా నటించాయి. 2019లో వీటికి జాతీయ సుందర ప్రదేశంగా చట్టబద్ధమైన రక్షణ వచ్చింది.

మొదటిసారి ఈ గుండ్ల మధ్యకు నడిచినప్పుడు నాకు కొత్త ప్రదేశానికి వచ్చినట్టు అనిపించలేదు. మా ఊరి గుట్ట మీద ఒకదాని మీద ఒకటి నిలబడే గుండ్లు, హైదరాబాదులో బంగళాలకోసం పగలగొట్టగా మిగిలిన బండలు ఇలాగే ఉంటాయి. పోలిక పైపైది కాదు. రెండు చోట్లా రాయి గ్రానైటే. రెండు చోట్లా అది మట్టి కింద ఉండగానే నీళ్ళు చీలికల వెంట దిగి, మూలలను ముందుగా తినేసి, గుండ్రని గుండ్లను వదిలాయి. తర్వాత పైమట్టి కొట్టుకుపోయి గుండ్లు బయటపడ్డాయి. తేడా వయసులో ఉంది: మన దక్కను గ్రానైట్లకు సుమారు 250 కోట్ల ఏళ్ళు, ఇక్కడి వాటికి సుమారు 8.5 కోట్ల ఏళ్ళు. గుండ్ల పాదాల దగ్గర రాలిన ముతక ఇసుకను చేతిలోకి తీసుకుంటే అది మా వైపు గరుసే. అభ్రకం మెరుపు, ఫెల్స్‌పార్ పలుకు, వేళ్ళకు అంటని పొడితనం, అన్నీ అదే. చిన్నప్పుడు ఇంటి ముందు పోసుకున్న గరుసు ఏ రాతి నుంచి వచ్చిందో ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని తెలుసుకున్నాను.

ఈ గుట్టలూ, వాటి వెనకనున్న కత్తుల్లాంటి సియెర్రా కొనలూ ఇంచుమించు ఒకే వయసు, ఒకే జాతి గ్రానైట్ అన్న విషయమే ఇక్కడ చూపించవలసిన అసలు సంగతి. పైన ఎత్తులో మంచు రాతి చీలికల్లో గడ్డకట్టి ముక్కలుగా చీల్చింది, హిమానీనదాలు చెక్కాయి. కింద మట్టీ తడీ నిదానంగా గుండ్రం చేశాయి. గుట్టలు కొండకు వేరైన పిల్లలు కావు. దిగబడిన రాతి గోడకు పైకొస మాత్రమే బయట కనబడుతోంది, మిగతాదంతా వేల అడుగుల ఒండ్రు కింద పూడిపోయి ఉంది. ఇది చెప్పాలంటే ముందు గుండ్లూ వెనక కొనలూ రెండూ ఒకే చిత్రంలో, రెండూ పదునుగా ఉండాలి. గుండుకు అడుగున్నర దూరంలో లెన్స్ పెడితే ఏ అపెర్చరూ రెండింటినీ పట్టదు. ట్రైపాడ్ కదలకుండా, ఫోకస్ మాత్రం దగ్గర నుంచి దూరానికి జరుపుతూ ఆరు ఫ్రేములు తీసి, తర్వాత కలిపాను.

ఇక్కడ రాతిలో తోరణాల్లాంటి రంధ్రాలు కూడా ఉన్నాయి. మోబియస్ తోరణం నడుమ విట్నీని ఇరికించి తీసిన చిత్రం లేని ఫొటోగ్రాఫర్ ఈ ప్రాంతంలో దొరకడు. నేనూ తీశాను, గోడ మీదికి ఇవ్వలేదు. తోరణం కన్ను ఆకర్షించడంతో రాయి గురించి చెప్పడానికి చోటు మిగల్లేదు. దానికి బదులు, గుండ్రని లేత రంగు గ్రానైట్ పక్కనే కోణాలు తేలి, ముదురు గోధుమ రంగులో నిలిచిన మరో జాతి రాతిని ఎంచుకున్నాను. అది గ్రానైట్ కన్నా పాతది, అగ్నిపర్వతాల నుంచి వచ్చి తర్వాత వేడికీ ఒత్తిడికీ మారిన రాయి. రెండూ తాకే చోటును ఎండలో తీస్తే రంగులు పాలిపోయాయి. సూర్యుడు సియెర్రా వెనక్కి వెళ్ళాక, ఆకాశం మాత్రమే వెలుగునిచ్చే అరగంటలో వాటి అసలు రంగులు కనిపించాయి.

రెండు అక్షరాలు

లోన్ పైన్ తెల్లవారుజాము గురించి రాస్తూ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1944లో తీసిన చిత్రాన్ని తలవకుండా ఉండలేను. ముందు ఎండ పడిన మడిలో మేస్తున్న గుర్రం, దాని వెనక నీడలో నల్లని గుట్టలు, వాటి మీదుగా వెలుగు నిండిన సియెర్రా ఆ చిత్రంలో ఉంటాయి. ఆ వెలుగు వింత కాదు, లోయ ఆకారం నుంచి వచ్చినదే. తూర్పున ఇన్యో కొండలు అడ్డుగా ఉండటం వల్ల శిఖరాలకు ఎండ తగిలిన చాలాసేపటి వరకు లోయ నీడలోనే ఉంటుంది. నీడకూ ఎండకూ మధ్య నాలుగు స్టాపుల, అంటే పదహారు రెట్ల, తేడా ఉంటుంది. గుట్ట మీద ఉన్నత పాఠశాల పిల్లలు సున్నం కొట్టిన రాళ్ళతో పేర్చిన ఎల్, పి అనే తమ ఊరి అక్షరాలు ఆ దృశ్యంలో ఉన్నాయి. ఆడమ్స్ వాటిని చిత్రంలోంచి తీసేశారు, తీసేశానని దాచకుండా చెప్పుకున్నారు. ఆయన చూపించదలచింది కొండ మీది వెలుగును. ఆయన నిర్ణయం ఆయన చిత్రానికి సరిపోయింది.

నా ఫ్రేములో ఆ అక్షరాలు పడినప్పుడు వాటిని ఉంచాను. ఆచార్యురాలితో దీని మీద చాలాసేపు మాట్లాడాం. ఆమె మొదట తీసేయమన్నారు, కన్ను అటే పోతుందన్నారు. కన్ను అటు పోవడమే మేలని నా వాదన: ఆ అక్షరం ఎంత ఎత్తుంటుందో ఊహించగలం కనుక, దాని వెనక కొండ ఎంతటిదో తెలుస్తుంది. ఆ గుట్ట కింద ఒక బడి ఉందనీ, ఈ కొండను తమదనుకునే పిల్లలు ఉన్నారనీ తెలుస్తుంది. చివరికి ఆమె ఒప్పుకున్నారు.

ఊళ్ళు చిన్నవిగా ఎందుకు ఉండిపోయాయి

లోన్ పైన్ జనాభా సుమారు 2,000. ఇన్యో కౌంటీకి ముఖ్యపట్టణమైన ఇండిపెండెన్స్ అంతకన్నా చిన్నది, బిగ్ పైన్ కూడా అలాంటిదే. ఎడారి కాబట్టి ఊళ్ళు పెరగలేదని అనుకోవడం సహజం, కానీ అసలు కారణం వేరు. 1913 నవంబరు 5న లాస్ ఏంజెలెస్ నగరం 233 మైళ్ళ కాలువను ప్రారంభించి ఓవెన్స్ నది నీళ్ళను తన వైపు మళ్ళించుకుంది. ఎక్కడా పంపు అవసరం లేకుండా, వాలు మీదనే నీళ్ళు నగరం దాకా పారతాయి. ఆ నీటి హక్కుల కోసం నగరం లోయలో పొలాలనూ, ఊరి స్థలాలనూ కొంటూ పోయింది; నేటికీ ఇన్యో కౌంటీలో సుమారు 2.5 లక్షల ఎకరాలు దాని పేరు మీదే ఉన్నాయి. ఊరు పెరగాలంటే స్థలం ఉండాలి, చుట్టూ ఉన్న స్థలం ఊరిది కాదు. లాస్ ఏంజెలెస్‌లో ఉండే మా అక్కయ్య ఇంటికి పోయినప్పుడు కొళాయి విప్పితే వచ్చే నీళ్ళలో కొంత ఈ లోయదే. ఇది తెలిశాక లోన్ పైన్ వీధిలో ఖాళీ స్థలం చూసినప్పుడు నాకు అది ఫ్రేముకు ఊపిరినిచ్చే ఖాళీగా కనిపించడం మానేసింది.

లోన్ పైన్ ప్రధాన వీధిలో ట్రాఫిక్ లైటు ఒకటే. అక్కడ పడమటికి తిరిగే వీధికి తూర్పు కొసన, రోడ్డు పక్కన, 200 మిల్లీమీటర్ల దగ్గర లెన్స్ పెట్టి నిలబడితే, ట్రాఫిక్ లైటూ, దుకాణాల బోర్డులూ, తీగలూ, వాటి నెత్తిన సియెర్రా ఒకే వరుసలోకి వస్తాయి. శిఖరాలకు తొలి ఎండ తగిలే క్షణంలో వీధి దీపాలు ఇంకా వెలుగుతుంటాయి. కొండ ఎక్కువ మెరవక ముందు, దీపాలు ఆరక ముందు, రెండింటి వెలుగూ ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇమిడే వ్యవధి ఆరేడు నిమిషాలు మాత్రమే. మూడు ఉదయాలు పోగొట్టుకున్నాను: మొదటి రోజు మబ్బు, రెండో రోజు ఒక లారీ కూడలిలోనే ఆగిపోయింది, మూడో రోజు ఎక్స్‌పోజర్ దీపాలకు సరిపెట్టి కొండను తెల్లగా కాల్చేశాను. నాలుగో ఉదయం ఒక పెద్దాయన కుక్కతో వీధి దాటుతుండగా చిత్రం కుదిరింది.

కీలర్

నది నీళ్ళు మళ్ళించడంతో దిగువనున్న ఓవెన్స్ సరస్సు 1926 నాటికి ఎండిపోయింది. ఒకప్పుడు 110 చదరపు మైళ్ళ విస్తీర్ణంలో ఉండి, 1870లలో సెర్రో గోర్డో వెండి దిమ్మెలను ఆవిరి పడవ మీద దాటించిన సరస్సు ఇది. దాని ఒడ్డున వెలిసిన కీలర్‌కు 1883లో నారోగేజి రైలు వచ్చింది, 1960లో ఆగిపోయింది. స్టేషను భవనం ఇంకా ఉంది. ఊళ్ళో ఇప్పుడు కొన్ని పదుల మంది ఉంటారు. ఎండిన సరస్సు అడుగు నుంచి లేచే ఉప్పు దుమ్ము, అందులోని ఆర్సెనిక్ లాంటి విషపదార్థాలు, ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళ మీద పడ్డాయి. అమెరికాలో దుమ్ము కణాల కాలుష్యానికి ఒకే చోటుగా ఇదే అన్నిటికన్నా పెద్ద మూలంగా ఉండేది. న్యాయపోరాటాల తర్వాత, 2001 నుంచి నగరమే సరస్సు నేల మీద పలుచగా నీళ్ళు వదిలి, కంకర పరిచి, ఉప్పు గడ్డి పెంచి దుమ్మును అణచవలసి వచ్చింది. అందుకు 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఇక్కడ సరస్సు అంచున, గాలి వీస్తుండగా లెన్స్ మార్చాను. ఆ రాత్రి చిత్రాలు పెద్దవి చేసి చూస్తే ప్రతి ఆకాశంలోనూ అవే మచ్చలు. ఉప్పు దుమ్ము తేమ తగిలితే పూతలా అంటుకుంటుంది; తడి స్వాబ్‌తో తుడవబోయి ఇంకా పులిమాను. సెన్సర్‌ను నిపుణుల చేత శుభ్రం చేయించుకునేదాకా ఆ కెమెరా పక్కన పెట్టవలసి వచ్చింది. తర్వాతి ప్రయాణాల్లో రెండు కెమెరాలకు రెండు లెన్సులు బిగించి, సరస్సు దగ్గర ఉన్నంతసేపూ వాటిని విప్పలేదు. ముక్కుకు మాస్కు కూడా పెట్టుకున్నాను. ఇక్కడ పని చేయదలచినవారికి ఈ రెండూ తప్పనిసరి అని చెబుతాను.

కీలర్‌ను చాలామంది పాడుబడ్డ ఊరుగా తీస్తారు. తుప్పు పట్టిన ట్రెయిలరు, విరిగిన తలుపు, వెనక ఇన్యో కొండ. నేనూ మొదట అలాగే ఒక ఇంటి ముందు ట్రైపాడ్ దించాను. ఇంటామె బయటికి వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. తీసుకోవడానికి అభ్యంతరం లేదన్నారు, అయితే ఇంట్లో ఎవరూ లేనట్టు మాత్రం తీయవద్దన్నారు. నేను ట్రైపాడ్ మడిచి, మర్నాడు రావచ్చా అని అడిగాను. మర్నాటి ఉదయం ఆమె కిటికీ గట్టు మీద పేర్చుకున్న రాళ్ళు చూపించారు: సెర్రో గోర్డో నుంచి తెచ్చిన సీసపు ఖనిజం ముక్క, సరస్సు అంచున దొరికిన ఉప్పు పలుకుల పెళ్ళ, లావా గుల్లరాయి. ఒక్కొక్కటి ఎక్కడిదో, ఎవరు తెచ్చారో చెప్పారు. నేను ఆ కిటికీని లోపలి నుంచి తీశాను. గట్టు మీద రాళ్ళు, అద్దం మీద పలుచని దుమ్ము పొర, ఆవల తెల్లని సరస్సు, దూరాన సియెర్రా. లోపలి చీకటికీ బయటి వెలుగుకూ ఉన్న తేడాను ఫ్లాష్‌తో పూడ్చలేదు; అయిదు ఎక్స్‌పోజర్లు తీసి కలిపాను, దుమ్ము పొర మాత్రం చెదరకుండా చూసుకున్నాను. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన చిత్రం ఇదే.

మిగిలిన చోట్లు

మాంజనార్ అనే రెండో ప్రపంచ యుద్ధకాలపు నిర్బంధ శిబిరం గురించి క్లుప్తంగా చెబుతాను. 1942 నుంచి 1945 వరకు ఇక్కడ 10 వేల మందికి పైగా జపనీస్ అమెరికన్లను ముళ్ళకంచె లోపల ఉంచారు. ఆ పేరుకు స్పానిష్‌లో ఆపిల్ తోట అని అర్థం. నీళ్ళు పోకముందు అక్కడ తోటలుండేవి. శ్మశానంలోని తెల్లని స్తంభాన్ని, వెనక 14 వేల అడుగులు దాటిన విలియమ్సన్ శిఖరాన్ని అందరూ తీస్తారు. నేను బందీలు రాళ్ళతో కట్టుకున్న తోట చెరువు ఒకదాన్ని తీశాను. ఆ రాళ్ళు సియెర్రా వాగులు తెచ్చిన గ్రానైటే, వాటిని ఎంచి పేర్చిన చేతుల పని ఇంకా చెక్కుచెదరలేదు.

బిషప్ అనే ఊరికి ఉత్తరాన ఉన్న పీఠభూమి సుమారు 7 లక్షల 60 వేల ఏళ్ళ క్రితం లాంగ్ వ్యాలీ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు పడిన బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి. దాని మీద పాయూట్ పూర్వీకులు చెక్కిన రాతి చిత్రాలున్నాయి. 2012లో వాటిలో కొన్నిటిని దొంగలు రంపాలతో కోసుకుపోయారు. రాతి పొరలను మాత్రమే తీశాను, చెక్కిన చిత్రాల జోలికి పోలేదు. ఆ ప్రాంతపు ఫైళ్ళన్నిటిలోంచీ జీపీఎస్ వివరాలు తీసేశాను. వైట్ కొండల మీద 10 వేల అడుగుల ఎత్తున తెల్లని డోలమైట్ అనే రాతి నేలలో పెరిగే బ్రిసిల్‌కోన్ పైన్ చెట్ల కోసం జూన్‌లో వెళ్ళాను, శీతాకాలంలో ఆ రోడ్డు మూసేస్తారు. 4,800 ఏళ్ళు దాటిన చెట్టు ఆ తోపులోనే ఉంది, ఏదో చెప్పరు, చెప్పకపోవడమే మంచిది. పక్క వాలులో రాయి మారగానే ఈ చెట్లు పలచబడి వేరే పొదలు మొదలయ్యే గీతను ఒక చిత్రంలో పట్టాను. ఆ గీతను చూపిస్తే చెట్టు గురించీ రాయి గురించీ ఒకేసారి పాఠం చెప్పవచ్చు.

ముద్రణ, వరుస

ఎండిన సరస్సు ఉప్పునూ, సియెర్రా మంచునూ ఒకే తెలుపుగా ముద్రిస్తే అబద్ధమవుతుంది. ఉప్పులో పసుపు ఛాయ ఉంటుంది, నీడలోని మంచులో నీలం. మూడుసార్లు నమూనా ముద్రణలు తీయించాను. రంగును పెంచాలన్న కోరిక ఈ ప్రాంతంలో ఎక్కువగా కలుగుతుంది, గుండ్ల విషయంలో ముఖ్యంగా. గరుసు పిడికెడు కాగితపు సంచిలో తెచ్చుకుని, ముద్రణను దాని పక్కన పెట్టి చూసుకుంటూ సరిచేశాను.

వరుస పెట్టేటప్పుడు కొండలు ఒక వైపు, రాళ్ళు ఒక వైపు, ఊళ్ళు ఒక వైపు పెడదామన్న సూచన విభాగం నుంచి వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మొదట పగులు గట్టు, గట్టు పక్కన ఊరు పెట్టి, ఆ తర్వాత నీళ్ళు వెళ్ళే దారినే గోడ మీద పెట్టాం: మంచు శిఖరం, వాగు, ఒండ్రు, కాలువ, ఎండిన సరస్సు, చివర్లో కీలర్ కిటికీ. కిటికీ చిత్రం ముద్రణ ఒకటి కీలర్‌లోని ఆ ఇంటామెకు పంపాను. రాళ్ళలో రెండు తలకిందులుగా వచ్చాయని, ఏప్రిల్‌లో సరస్సు నీళ్ళ మీదికి పక్షులు దిగినప్పుడు మళ్ళీ వస్తే సరిగ్గా పెట్టి ఉంచుతానని జవాబు రాశారు. ఏప్రిల్ రెండో వారానికి బయలుదేరుతున్నాను.